సగంలో ఆగిన అయిదు చేతిపనులు: ఏది ముందు చేయాలి, ఏది ఎక్కడ ఆపాలి

ముందు మీరు చెప్పినదంతా ఒకచోట పెడతాను. చెల్లెలికి పుట్టబోయే బిడ్డ కోసం క్రోషే దుప్పటి, 36 గ్రానీ స్క్వేర్లలో (మధ్య నుంచి చుట్లు చుట్లుగా అల్లే చదరాలు) 22 అయ్యాయి. పెళ్లికి వేసుకునే పట్టు జాకెట్టు మీద మగ్గం వర్క్, వెనక మెడ సగం దాటింది. అదే చీర కొంగుకి కుచ్చులు, ఇంకా మొదలే పెట్టలేదు. మీవారికి స్వెట్టర్, వీపు భాగం పూర్తయి ముందు భాగం కింది అంచు దగ్గర ఉంది. 14 కౌంట్ ఐడా గుడ్డ (అంగుళానికి 14 గళ్లుండే నేత) మీద 140 × 140 కుట్ల క్రాస్‌స్టిచ్ బొమ్మ, పావు వంతు అయింది. పెళ్లి ఏడు వారాల్లో, కాన్పు పది వారాల్లో. మీకు వారానికి పది గంటలు దొరుకుతాయి. రోజుకొకటి చొప్పున మార్చి మార్చి పట్టుకుంటున్నా ఏదీ ముందుకు సాగడం లేదు.

అయిదు పనులు ఒకేసారి ఉండటం తప్పేమీ కాదు. రోజుకొకటి తిప్పడం, తోచినచోట ఆపేయడం, ఈ రెండే మీ సమయం తినేస్తున్నాయి. పని మార్చిన ప్రతిసారీ ఎక్కడున్నామో వెతుక్కోవాలి, సామాను తీయాలి, చేతి బిగువు మళ్లీ కుదరాలి. దీనికి రోజుకి ఇరవై నిమిషాలు పోయినా వారానికి రెండు గంటల ఇరవై నిమిషాలు. మీ పది గంటల్లో దాదాపు పావు వంతు అక్కడే పోతోంది.

ముందు గంటలు లెక్కగట్టండి. అందాజుగా వద్దు. ప్రతి పనిలో ఒక చిన్న ముక్క తీసుకుని ఫోన్లో టైమర్ పెట్టి చేయండి: ఒక చదరం, ఒక బుటా, ఒక కుచ్చు, ఒక వరుస, ఒక వంద కుట్లు. నేను కింద వేసిన అంకెలు ఓ మాదిరి వేగానివి. మీవి వేరుగా వస్తే మీవే నమ్మండి.

దుప్పటి చూద్దాం. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. చదరానికి 25 నిమిషాలు, ఇంకా 14 ఉన్నాయి, అంటే ఆరు గంటల్లో అయిపోతుందనుకుంటారు. కానీ మీ ఒక్కో చదరంలో నాలుగు చుట్లు, చుట్టుకో రంగు. చుట్టుకి రెండు కొసలు, చదరానికి ఎనిమిది. అయిపోయిన 22 చదరాల్లో ఇంకా దూర్చని కొసలే 176. కొసకి రెండు నిమిషాలనుకున్నా మరో ఆరు గంటలు. తర్వాత అతుకు: ఆరు వరుసల్లో ఆరేసి చదరాలు పరిస్తే కలపాల్సిన అంచులు 60 వస్తాయి, ఆరేసి నిమిషాల చొప్పున ఇంకో ఆరు గంటలు. చుట్టూ బార్డరుకి రెండు. మొత్తం ఇరవై గంటలు. మీ మనసులో ఉన్న ఆరు గంటలకీ ఈ ఇరవైకీ ఉన్న తేడాలోనే చాలా దుప్పట్లు అటక ఎక్కుతాయి.

జాకెట్టు: వెనక మెడ మిగిలినది ఆరు గంటలు, రెండు చేతుల బార్డరు పన్నెండేసి అంగుళాలు, అంగుళానికి గంట చొప్పున 24, బుటాలు నలభై, ఒక్కోటి 12 నిమిషాలు, ఎనిమిది గంటలు. కలిపి 38. కుచ్చులు 46 అంగుళాల కొంగుకి అంగుళానికొకటి వేస్తే 46, పదేసి నిమిషాల చొప్పున ఎనిమిది గంటల లోపు. స్వెట్టరులో ముందు భాగం 80 వరుసలు ఆరేసి నిమిషాలు, చేతులు రెండూ 130 వరుసల చొప్పున నాలుగేసి నిమిషాలు, మెడ, కలిపి కుట్టడం అన్నీ చేరి సుమారు 32. క్రాస్‌స్టిచ్‌లో మొత్తం 19,600 కుట్లు, మిగిలినవి 14,700. గంటకి వంద కుట్లంటే 147 గంటలు. అన్నీ కలిపితే 245 గంటలు, మీకు దొరికే సమయంలో దాదాపు ఆరు నెలలు. ఈ అంకె చూశాక ఏది పక్కన పెట్టాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక వెనక నుంచి లెక్క. పెళ్లికి ఏడు వారాలున్నా కుట్టేవాళ్లకీ, ఒకసారి వేసి చూసి సరిచేయించుకోడానికీ రెండు వారాలు తీసేయండి. పెళ్లిళ్ల సీజన్లో టైలరు చెప్పిన రోజుకి ఇస్తారన్న ధీమా పెట్టుకోవద్దు. మిగిలిన అయిదు వారాల్లో 50 గంటలు, అందులో జాకెట్టు 38. కుచ్చులు ఎనిమిది. జాకెట్టు టైలరు దగ్గరున్న రెండు వారాల్లో కుచ్చులు వేసుకోవచ్చు కాబట్టి పీకల మీదికి రాదు. ఆ రెండు వారాల్లో మిగిలే సమయం, పెళ్లయ్యాక మూడు వారాలు దుప్పటివి. ఆలోగా బస్సులో, ఆసుపత్రి వరండాలో, పిల్లల ట్యూషన్ బయట దొరికే పావుగంటల్లో చదరాలు అల్లుకోండి, ఆ సమయం ఈ పది గంటల్లో లేదు కదా. నరసాపురం లేసు పనిలో పువ్వులు అల్లేది ఒకరు, అతుకు పని చేసేది మరొకరు. మీరు ఒక్కరే అయినా ఆ విభజన పాటించండి: చదరాలు సంచిలో, అతుకు ఇంట్లో బల్ల మీద.

స్వెట్టరు, బొమ్మ రెండూ ఇప్పుడు కట్టిపెట్టేయాలి. ఎలా కట్టిపెట్టాలన్నది చివర చెబుతాను, అది చాలా ముఖ్యం.

మగ్గం పనిలో చేసే వరుసే మిమ్మల్ని కాపాడుతుంది. వెనక మెడ, తర్వాత చేతులు, అన్నిటికన్నా చివర బుటాలు. సమయం చాలకపోతే నలభై బుటాల్ని పాతికకి తగ్గించినా చూసేవాళ్లకి తెలియదు. ఒక చెయ్యి బార్డరు నిండుగా ఉండి రెండోది పలచగా ఉంటే మాత్రం ఫోటోల్లో కూడా పట్టిస్తుంది. ఒక్కో భాగంలో కూడా ముందు దారంతో గొలుసు కుట్టు, నింపుడు, తర్వాత జర్దోసి, నక్షీ (లోహపు తీగ చుట్టలు), ఆపైన పూసలు, ముత్యాలు, ఆఖరున కుందన్లు. ముత్యాలు ముందే కుట్టేస్తే ఆరి సూది (మగ్గం పనికి వాడే కొక్కెం సూది) పోగు మాటిమాటికీ వాటికే తగులుకుంటుంది, చెయ్యి ఆనించడానికీ చోటుండదు.

టైలరు గీసిచ్చిన మెడ గీత నుంచి లోపలికి కనీసం అర అంగుళం పూసలు లేకుండా వదలండి. పైపింగు వేసేటప్పుడు మిషను సూది పూస మీద పడితే సూదైనా విరుగుతుంది, పూసైనా పగులుతుంది. చంక కింద, డార్టు పడేచోట కూడా అంతే.

ట్రేసింగ్ కాగితం మీద గుచ్చి, జింకు పొడి కిరసనాయిలులో కలిపి రుద్దిన డిజైను చేతి రాపిడికి చెరిగిపోతుంది. పది రోజులు ఆపి వచ్చేసరికి చేతుల బార్డరులో సగం గీతలు మాయమవుతాయి. అందుకే మగ్గం మీద గుడ్డ బిగించినప్పుడే అన్ని భాగాలూ అచ్చు వేసేయకుండా, ఆ వారం చేసే భాగం వరకే వేసుకోండి. ముందే వేసేసి ఉంటే పని లేనప్పుడు పాత నూలు చీర ముక్క కప్పి ఉంచండి. దుమ్మూ పడదు, గీతా పోదు. మగ్గం మీద రోజుల తరబడి ఉన్న గుడ్డ వదులవుతుంది కూడా. కూర్చోగానే వేలితో తట్టి చూడండి, డోలు చర్మంలా మోగాలి. మోగకపోతే తాళ్లు బిగించాకే సూది పట్టుకోండి. వదులు గుడ్డ మీద వేసిన గొలుసు కుట్టు, మగ్గం నుంచి తీశాక ముడుచుకుపోతుంది. ఇస్త్రీతో అది పోదు.

ఆపేటప్పుడు ఆరి దారాన్ని ఊరికే కత్తిరించి లేవకండి. గొలుసు కుట్టు చివరి కొస లాగితే మొదటిదాకా ఊడి వస్తుంది. చివర రెండు చిన్న కుట్లు వెనక్కి వేసి, దారాన్ని కిందికి లాగి ముడి వేసి, అప్పుడు లేవండి. ఫోను మోగినా సరే.

కుచ్చుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అన్నీ ఒకే లావు, ఒకే పొడవు రావాలంటే రెండంగుళాల వెడల్పు గట్టి అట్టముక్క కత్తిరించుకుని, దాని మీద దారం ఎన్ని చుట్లు చుడుతున్నారో లెక్కపెట్టి రాసిపెట్టుకోండి. కొంగు రెండు చివర్లలో, మధ్యలో గుర్తులు పెట్టి, ఆ మధ్యవి సమంగా పంచుకోండి. ఒక చివర నుంచి కంటి అందాజుతో వేసుకుంటూ పోతే రెండో చివర అంగుళంన్నర మిగులుతుంది, అక్కడ కుచ్చు వేసినా బాగోదు, వేయకపోయినా బాగోదు. దారం రీళ్లు 46 కుచ్చులకీ సరిపడా ముందే కొనండి. పట్టుదారంలో ఒకే ఎరుపు రెండు రీళ్లలో రెండు ఎరుపులుగా ఉండొచ్చు.

దుప్పటి దగ్గరికి మళ్లీ వస్తే, మిగిలిన 14 చదరాల్లో కొసల్ని పక్కన వేలాడదీయకుండా కొత్త చుట్టు కుట్ల లోపలే పడుకోబెట్టి వాటి మీదుగా అల్లుకుంటూ పోండి. అయితే ఇది పసిబిడ్డ దుప్పటి, వారం వారం ఉతుకుతారు. ఆక్రిలిక్, మిల్క్ కాటన్ పోగులు నున్నగా ఉంటాయి, ఒకే దిక్కున పడుకోబెట్టిన కొస జారి బయటికి వస్తుంది. అందుకని పదిహేను సెంటీమీటర్ల కొస వదిలి, అల్లాక లావు సూదితో ఎదురు దిక్కుకి అయిదు సెంటీమీటర్లు మళ్లీ దూర్చండి. పొట్టి కొస వదిలితే ఏం చేసినా నిలవదు. చివర బొత్తాలు, పూసలు, కుచ్చులు పెట్టకండి. బిడ్డ నోట్లోకి పోయేవేవీ ఆ దుప్పటికి ఉండకూడదు.

చదరాలు ఒకే సైజులో లేవని మీరు రాశారు, మొదట అల్లినవి 14.5 సెం.మీ., ఈమధ్యవి 15.5. రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, కుట్ల లెక్క తప్పడం. నాలుగో చుట్టులో మూడేసి డబుల్ క్రోషేల గుత్తులు పదహారు, అంటే 48 కుట్లు, ఏ పక్క చూసినా నాలుగు గుత్తులు ఉండాలి. లెక్క సరిపోయి సైజు మాత్రమే తేడాగా ఉంటే చేతి బిగువు మారింది, లేదా మధ్యలో ఆ కొక్కెం వేరే పనికి పోయి ఇంకో నంబరుది వచ్చింది. కొక్కెం మారడమే ఎక్కువగా జరుగుతుంది. మిగిలినవాటిలో ఒకటి అర మిల్లీమీటరు సన్న కొక్కెంతో అల్లి కొలవండి. ఊలు అయితే తడిపి, పిన్నులు గుచ్చి 15 దగ్గర ఆరబెడితే పెద్దవీ చిన్నవీ ఒక దారికి వస్తాయి. ఆక్రిలిక్ అలా వినదు. దానికి ఇస్త్రీపెట్టెను అంగుళం ఎత్తున పట్టుకుని ఆవిరి తగిలించాలి. పెట్టె ఆనిందంటే పోగు చచ్చి చదునైపోతుంది, దాన్ని తిరిగి తేలేరు. సెంటీమీటరు లోపు తేడా ఉన్నవాటిని అతుకులో కూడా సర్దొచ్చు: పెద్ద చదరం అడుగున, చిన్నది పైన పెట్టి, మూలలు రెండూ ముందే గుర్తు పిన్నులతో కలిపి, మధ్య కుట్లు ఒక్కొక్కటీ జతపరచి కుట్టండి. అతుకు ఒక్కో చదరానికి విడిగా కాకుండా అడ్డంగా అయిదు పొడవు గీతలు, నిలువుగా అయిదు గీతలు వేస్తే పోగు తెంపడం తగ్గుతుంది, కొసలూ తగ్గుతాయి.

ఇంకో మాట. మీరు సగం చదరాలు ఒక వీడియో చూసి, సగం ఇంకో వీడియో చూసి అల్లానన్నారు. అమెరికా వాళ్లు డబుల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్ వాళ్లు ట్రెబుల్ అంటారు. అమెరికా సింగిలే బ్రిటన్‌లో డబుల్. కొత్త వీడియో చూసి అల్లిన చదరం సగం ఎత్తే వచ్చిందంటే మీ చేతిది తప్పు కాదు.

సూదుల నంబర్లలోనూ ఇదే తిరకాసు. పాత బ్రిటిష్ లెక్కలో 8వ నంబరు అల్లిక సూది 4 మి.మీ., అమెరికా లెక్కలో 8 అంటే 5 మి.మీ. మన ఊలు దుకాణాల్లో పాత నంబర్లు ఇంకా నడుస్తున్నాయి. అందుకే స్వెట్టరు చీటీ మీద నంబరు రాయొద్దు, మిల్లీమీటర్లు రాయండి.

ఆ స్వెట్టరుని కట్టిపెట్టేముందు కింది అంచు దాటి, నునుపు అల్లిక మొదలైన ఏదో ఒక వరుస చివరిదాకా తీసుకెళ్లండి. వరుస మధ్యలో ఎప్పుడూ ఆపకండి. అక్కడి కుట్లు సాగి, మళ్లీ మొదలుపెట్టాక నిలువు గీతలా కనబడతాయి. రెండు మూడు నెలలు పక్కన పెడుతున్నారు కాబట్టి సూదుల మీదే వదలొద్దు. వేరే రంగు నున్నటి నూలుదారం లావు సూదికి ఎక్కించి, కుట్లన్నీ దాని మీదికి మార్చి, రెండు కొసలూ ముడేయండి. ఇనుప సూదైతే వానాకాలంలో తుప్పు మరక ఊలుకి అంటుకుంటుంది. ఏ సూదైనా నెలల తరబడి ఉంటే ఆ వరుస విడిగా కనిపిస్తుంది. ఇంకో లాభం, సూదులు ఖాళీ అవుతాయి, ఇంకో పనికి తీసుకున్నా ఇది చెడదు.

మళ్లీ మొదలుపెట్టిన రోజు ముందు విడిగా చిన్న ముక్క అల్లి బిగువు చూసుకోండి. పది సెం.మీ.లో 22 కుట్లు రావాల్సింది 21 వస్తే చిన్న తేడాలాగే ఉంటుంది. కానీ 110 కుట్ల భాగంలో 50 సెం.మీ. రావాల్సింది 52.4 వస్తుంది, ముందు భాగం వీపు కంటే రెండున్నర సెంటీమీటర్ల దగ్గర వెడల్పు. బిగువు కుదిరాక, ఆపిన చోటి నుంచి రెండు వరుసలు విప్పి అక్కడి నుంచి అల్లండి. చేతులు రెండూ ఒకే పొడవు సూది మీద, రెండు ఉండల నుంచి పక్కపక్కనే అల్లుకోండి. ఒకటి ఇప్పుడు, ఒకటి మూడు నెలల తర్వాత అల్లితే వరుసలు సమానమైనా పొడవు సమానం కాదు.

ఊలు సరిపోతుందా అన్న అనుమానం ఇప్పుడే తీర్చుకోవాలి, ఎందుకంటే డై లాటు (ఒకేసారి రంగు వేసిన ఊలు) దుకాణంలో మీకోసం ఆగదు. వంటింటి డిజిటల్ కాటా చాలు. ఉండ తూచండి, పది వరుసలు అల్లండి, మళ్లీ తూచండి. 18 గ్రాములు తగ్గితే వరుసకి 1.8 గ్రాములు, 80 వరుసలకి 144. చేతులకి విడిగా లెక్కగట్టి, మెడకీ కుట్టడానికీ యాభై గ్రాములు కలపండి. తక్కువైతే అదే లాటు నంబరుది ఈ వారమే కొనండి. దొరక్కపోతే వేరే లాటుని చేతుల అంచుల్లోనూ మెడ పట్టీలోనూ వాడండి, అల్లిక రకం మారేచోట రంగు తేడా అంతగా తెలియదు.

క్రాస్‌స్టిచ్‌కి ఆపేముందు చేయాల్సింది గళ్లు గీయడం. ఇప్పటిదాకా గీయలేదన్నారు, అందుకే ప్రతిసారీ లెక్కతోనే సగం సాయంత్రం పోతోంది. పది పది కుట్లకి ఒక గీత, మామూలు కుట్టుదారంతో పొడుగు కుట్లు వేస్తే చాలు. నీటికి పోయే పెన్నుతో కూడా గీయొచ్చు గానీ అది ఉన్న గుడ్డకి ఇస్త్రీ గానీ వేడి నీళ్లు గానీ తగిలితే గీత శాశ్వతమైపోతుంది. ముందు చన్నీళ్లలోనే నానబెట్టాలి. గీతలు ఉంటే పదేళ్ల బొమ్మైనా పది గళ్ల లోపే తప్పు దొరుకుతుంది. ఒక కుట్టు తప్పు ఆకాశంలోనో గడ్డిలోనో ఉంటే వదిలేయండి, ఎవరికీ తెలియదు. గీతలు వచ్చి కలవాల్సిన చోట, ముఖంలో, అక్షరాల్లో ఉంటే విప్పాల్సిందే. అక్కడ సర్దుబాటు చేస్తే ఆ తప్పు చివరిదాకా వెంటొస్తుంది.

పై కుట్టు ఏ దిక్కుకి వాలుతోందో గుడ్డ అంచున చిన్న బాణం కుట్టి పెట్టుకోండి. నెలల తర్వాత వచ్చి ఎదురు దిక్కుకి వేస్తే, రంగు అదే అయినా వెలుగు పడే తీరు మారి ఆ ముక్క వేరే గుడ్డలా కనిపిస్తుంది. గుడ్డ బిగించిన రింగు తప్పక తీసేయండి, లేకపోతే గుండ్రటి మడత, దాని వెంట చేతి జిడ్డు మరక ఉండిపోతాయి. దారం కంపెనీల్లో యాంకర్ నంబరుకి డీఎంసీలో సమానమని చెప్పేవి దగ్గర రంగులే, ఒకటే రంగు కావు. సగంలో కంపెనీ మార్చకండి.

కట్టిపెట్టే ప్రతి పనికీ ఒక చీటీ రాసి సంచిలో వేయండి. సూది లేదా కొక్కెం మిల్లీమీటర్లలో, పోగు పేరు, లాటు నంబరు, ఎన్ని వరుసలయ్యాయి, ఇవి ఎలాగూ రాస్తారు. అందరూ మరిచిపోయేది తర్వాతి కదలిక. స్వెట్టరు చీటీ మీద ఇలా ఉండాలి: 'ముందు భాగం, కుట్లు 110, అంచు అయ్యాక 10 వరుసలు. తర్వాతిది నిట్ (సీదా) వరుస. చంక దాకా కుట్లు పెంచేది లేదు.' ఇది చదివి రెండు నిమిషాల్లో సూది పట్టుకోగలగాలి. ప్యాటర్ను కాగితం మీద ఏ లైను దగ్గరున్నారో గీత గీసి, ఫోటో తీసి కూడా ఉంచుకోండి.

ఊలు స్వెట్టరుని మూత గట్టిగా పట్టే డబ్బాలో, వేపాకు బాగా ఎండబెట్టి గుడ్డలో కట్టి వేసి పెట్టండి. పచ్చి ఆకు వేస్తే తేమతో బూజు పడుతుంది. ఆక్రిలిక్‌ని పురుగు తినదు, దానికి ఇంత అక్కర్లేదు. జర్దోసి ఉన్న జాకెట్టు మాత్రం ప్లాస్టిక్ కవర్లో వద్దు, తెల్ల నూలుగుడ్డలో చుట్టండి. తేమకీ, కలరా ఉండలు తగిలినా, సెంటు పడినా జరీ నల్లబడుతుంది.

పెళ్లీ కాన్పూ అయ్యాక స్వెట్టరు తీసి చూస్తే నచ్చకపోవచ్చు, కొలతే మారిపోయి ఉండొచ్చు. అప్పుడు చీటీలో మిగిలిన గంటలు చూడండి. అదే ఊలుతో కొత్తది మొదలుపెట్టినా ఆ గంటల్లో అవుతుందనిపిస్తే జంకకుండా విప్పేయండి. విప్పిన ఊలుని అలాగే ఉండ చుట్టొద్దు, వంకరలు పోని పోగుతో అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకి లచ్చిలా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, నీడలో వేలాడదీయండి. పూర్తిగా ఆరాక పోగు సాఫీగా వస్తుంది, అప్పుడు ఉండ చుట్టుకుని తూచి, ఆ బరువు కూడా చీటీ మీద రాసుకోండి.